పైవాడు వింటున్నాడా?

మా మేడమీద అద్దెకుంటున్న పిన్నిగారు పది రోజులుగా అమెరికాలో ఉన్న కూతురికి వీడియో కాల్ చేయడం మానేశారు. కారణం అడిగితే, "ఉపగ్రహాల్లోంచి మన వైఫై లాగేసి అన్నీ చూస్తారటమ్మా! నెలలు నిండిన పిల్ల, ఎవడి కంట్లో పడుతుందో ఏమో!" అన్నారు. నవ్వొచ్చింది గానీ, ఆవిడ కళ్లల్లో నీళ్లు చూశాక ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

డిగ్రీలో చదివిన ఫిజిక్సు దుమ్ము దులిపాను. ఇంట్లో వైఫై పెట్టె వదిలే శక్తి దాదాపు ఒక వాట్‌లో పదో వంతు. అంటే 5 వాట్ల బెడ్‌లైటులో యాభయ్యో వంతన్నమాట! పది మీటర్ల దూరంలోని ఫోనుకి అందేది, 500 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లేసరికి 250 కోట్ల రెట్లు తగ్గిపోతుంది.

"అయితే పైకి అందదుగా?" అన్నారు ఆశగా.

అబద్ధం చెప్పలేకపోయాను. 2024లో హబుల్ నెట్‌వర్క్ అనే అమెరికన్ సంస్థ, మామూలు బ్లూటూత్ చిప్ సంకేతాన్ని 600 కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహంతో అందుకుంది. అయితే అక్కడ పంపేవాళ్లూ, అందుకునేవాళ్లూ ముందే కూడబలుక్కున్నారు. మన సంగతి అలా కాదే! పైనుంచి వింటే వేలాది ఇళ్ల వైఫైలు కలగాపులగంగా వినిపిస్తాయి. తిరునాళ్లలో ఒక్కరి గుసగుస ఏరుకోవడమంత కష్టం. ఏరుకున్నా దానికి తాళం ఉంటుంది. 2004 నుంచి డబ్ల్యుపిఎ-2, 2018 నుంచి డబ్ల్యుపిఎ-3 అనే తాళాలు వచ్చాయి. వాట్సాప్ కాల్‌కైతే 2016 నుంచి దాని తాళం దానికి వేరే ఉంది.

అసలు ప్రమాదం పైనుంచి కిందికి వచ్చేవాటితో! 2025లో కాలిఫోర్నియా, మేరీలాండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు శాన్‌డియాగోలో ఒక డాబా మీద డిష్ పెట్టి, సుమారు 800 డాలర్ల సామానుతో ఉపగ్రహాలు కిందికి పంపే సంకేతాలు విన్నారు. కొన్ని ఫోన్ కంపెనీల కాల్స్, మెసేజ్‌లు తాళమే లేకుండా దొరికాయి! తప్పు ఆకాశానిది కాదు, తాళం వేయనివాళ్లది.

"మరి మన పెట్టె తాళం గట్టిదేనా?" అన్నారు పిన్నిగారు. ఆవిడ వాడేదీ మా వైఫైయే.

నా మొహం చిన్నబోయింది. మా పాస్‌వర్డ్ మావారి పుట్టినరోజు. వీధిలో పిల్లలందరికీ నోటికొచ్చు! ఎక్కడో ఆకాశంలో ఉన్న దొంగ గురించి ఇంతసేపు మాట్లాడి, వీధి తలుపు బార్లా తెరిచి ఉంచానన్నమాట.

ఆ సాయంత్రమే పొడవాటి కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. రాత్రి మేడమీది నుంచి పిన్నిగారి నవ్వు వినిపించింది. తోడుగా, ఫోన్లోంచి కూతురి నవ్వు.

అన్నట్టు, మీ ఇంట్లో పాస్‌వర్డ్ మార్చి ఎన్నాళ్లయింది?