వార్తల్లో పదం: టీఎస్‌హెచ్

రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె పెరిగితే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని చాలామంది అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. టీఎస్‌హెచ్ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్. మెడలోని థైరాయిడ్ మందగిస్తే, దాన్ని పనికి పురమాయించడానికి పెరుగుతుంది. పెద్దవాళ్లలో దాదాపు 0.4 నుంచి 4 దాకా ఉండాలి, ల్యాబును బట్టి కాస్త తేడా. థైరాయిడ్ తగ్గితే నీరసం, ఒళ్లు రావడం, చలికి ఆగలేకపోవడం, నెలసరి తేడాలు. ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, బాగా తింటున్నా చిక్కిపోవడం. గర్భిణుల విషయంలో అశ్రద్ధ అస్సలు పనికిరాదు: తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. థైరాయిడ్ తగ్గినవాళ్లకిచ్చే థైరాక్సిన్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగండి. ఐరన్, కాల్షియం మాత్రలకైతే 4 గంటల ఎడం ఉండాలి. మోతాదు మారిస్తే 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష. అంతకన్నా ముందైతే అంకె ఇంకా కుదురుకోదు.