డ్రిల్లింగ్ మిషన్‌కి ఐఎంఈఐ ఉండదు.. పోతే వెతికేదెలా?

అమీర్‌పేటలో ఉండేవాళ్లకి ఒక శబ్దం బాగా అలవాటు. ఒక కోచింగ్ సెంటర్ ఖాళీ అయిందంటే చాలు, కొద్ది రోజుల్లోనే అదే ఫ్లోర్‌లో ఇంకొకరు పార్టిషన్లు కొట్టిస్తుంటారు. కింద షట్టర్‌కి కొత్త బోర్డు, పైన కొత్త ఏసీ, పక్క హాస్టల్‌కి ఇంకో ఫైబర్ కనెక్షన్. అన్నిటికీ హామర్ డ్రిల్, గ్రైండర్, మార్బుల్ కట్టర్ కావాల్సిందే. పని జరిగినంతసేపూ ఆ మిషన్లు ఎక్కడుంటాయి? ఫుట్‌పాత్ మీద, మెట్ల కింద, లేదంటే బైక్‌కి వేలాడే బ్యాగ్‌లో. తాళం వేసుకునే గది ఎవరూ ఇవ్వరు.

మా బిల్డింగ్‌లో ఏసీలు బిగించే అన్న బ్యాగ్ అలాగే పోయింది. పంజాగుట్ట వైపు ఒక పనికి వెళ్లాడు. నిచ్చెన ఎక్కి అవుట్‌డోర్ యూనిట్ స్టాండ్ బిగించి దిగేలోపు కింద బ్యాగ్ లేదు. హామర్ డ్రిల్, కార్డ్‌లెస్ స్క్రూడ్రైవర్, రెండు బ్యాటరీలు, చార్జర్.. మొత్తం పాయె. మర్నాటి పనికి మిషన్ అద్దెకి తెచ్చుకున్నాడు, ఆ రోజు కూలీలో సగం దానికే. "ఫోన్ పోయినా బాగుండు తమ్ముడూ, కనీసం బ్లాక్ చేస్తరు" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాటలో టెక్నికల్‌గా చాలా పాయింట్ ఉంది.

ఫోన్ పోతే ఏం జరుగుతుంది? 2023 మే నుంచి దేశమంతా నడుస్తున్న సంచార్ సాథీ పోర్టల్‌లో సీఈఐఆర్ అనే సిస్టమ్ ఉంది. ఐఎంఈఐ ఇచ్చి రిక్వెస్ట్ పెడితే ఆ ఫోన్ మన దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయదు. దొంగ కొత్త సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకి చేరుతుంది. ఇది పనిచేయడానికి కారణం ఒక్కటే: ఫోన్ బతకాలంటే టవర్‌తో మాట్లాడాలి, మాట్లాడిన ప్రతిసారీ తన పేరు చెప్పుకోవాలి. డ్రిల్‌కి ఆ అవసరం లేదు. దానికీ సీరియల్ నంబర్ ఉంటుంది, కానీ ప్లగ్‌లో పెడితే ఎవరి చేతిలోనైనా తిరుగుతుంది.

అమెరికాలో దీనికి కొన్ని ప్రయోగాలు జరిగాయి. లోస్ అనే చెయిన్ 2022లో ప్రాజెక్ట్ అన్‌లాక్ అని ఒకటి చూపించింది. టూల్ లోపల ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ ఉంటుంది, బిల్ కౌంటర్‌లో యాక్టివేట్ చేస్తేనే మోటార్ తిరుగుతుంది. ఐడియా సూపర్, కానీ అది షాపు సరుకుని కాపాడేది. బిల్ అయి బయటికొచ్చాక మీ టూల్ మళ్లీ మామూలు టూలే. మిల్వాకీ వన్-కీ లాంటివి ఓనర్ యాప్ నుంచి టూల్‌ని లాక్ చేయనిస్తాయి. అవి ఖరీదైన మోడల్స్‌లో ఉండే ఫీచర్లు. మన అన్నలు కొనే నాలుగైదు వేల డ్రిల్‌లో ఆ లగ్జరీ లేదు. కాబట్టి ఆ గుర్తింపేదో బయటి నుంచి మనమే తగిలించాలి.

ఇక్కడే బ్లూటూత్ ట్యాగ్ వస్తుంది. చాలామంది దీన్ని జీపీఎస్ అనుకుంటారు, కాదు. ట్యాగ్‌లో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. చిన్న బ్లూటూత్ సిగ్నల్ మాత్రం వదులుతుంటుంది. పక్కనుంచి వెళ్లే ఎవరిదో ఫోన్ దాన్ని విని, తన లొకేషన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి సర్వర్‌కి పంపుతుంది. ఆ మెసేజ్ తెరిచే తాళంచెవి ఓనర్ దగ్గరే ఉంటుంది. అంటే నెట్‌వర్క్ అంటే జనమే. రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేట స్టేషన్ కింద జనానికి కొదవా? ఊరి బయట వెంచర్‌లో అయితే ఇదే ట్యాగ్ గంటలకొద్దీ మూగగా కూర్చుంటుంది.

అన్న కొత్త డ్రిల్ కొన్నాక ఆయన బ్యాగ్‌లో రెండు ట్యాగులు వేసి ట్రై చేశాం: నా ఐఫోన్‌కి ఎయిర్‌ట్యాగ్, ఆయన ఆండ్రాయిడ్‌కి జియోట్యాగ్ గో. జియోది 1,499 రూపాయలకి లాంచ్ అయింది, ఆఫర్లలో ఇంకా తక్కువకే దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా ఆండ్రాయిడ్ ఫోన్లే కదా, అదే ఫాస్ట్‌గా ఉండాలి. జరిగింది రివర్స్. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఎయిర్‌ట్యాగ్ వెంటవెంటనే అప్‌డేట్ అయింది, రెండోది ఆగి ఆగి చూపించింది. గూగుల్ ఫైండ్ హబ్ డిఫాల్ట్ సెట్టింగ్‌లో ప్రైవసీ కోసం ఒక్క ఫోన్ మాటతో లొకేషన్ చూపించదు, చాలా ఫోన్లు చూశాకే చూపిస్తుంది. తేడాకి అదొక కారణం. అయినా ఆండ్రాయిడ్ వాడే మనిషికి ఎయిర్‌ట్యాగ్ వల్ల లాభం లేదు, సెటప్ చేయడానికే ఐఫోన్ కావాలి. ఏది కొన్నా డబ్బా మీద ఫైండ్ హబ్ అనో, యాపిల్ ఫైండ్ మై అనో రాసి ఉందా చూడండి. సొంత యాప్ మాత్రమే ఉన్న మూడొందల ట్యాగులు మీ ఫోన్ రేంజ్ దాటితే దాదాపు ఉత్త కీచైన్లే.

ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న. ఇనుప టూల్ బాక్స్‌లో వేసి మూత పెడితే అప్‌డేట్స్ దారుణంగా పడిపోయాయి. ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. మిషన్ బాడీకి అతికిస్తే హామర్ మోడ్ వైబ్రేషన్‌కి కాయిన్ బ్యాటరీ కదిలిపోయే రిస్క్. ప్లాస్టిక్ కేస్ అడుగున లైనింగ్ కింద పెట్టి టేప్ వేయడం మాకు బెస్ట్ అనిపించింది. బ్యాటరీ ప్యాక్ విప్పి లోపల దాచే వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, దయచేసి వద్దు. లిథియం సెల్స్‌తో ఆటలా?

ఇంకో సంగతి. 2024 మే నుంచి యాపిల్, గూగుల్ కలిసి తెచ్చిన యాంటీ-స్టాకింగ్ ఫీచర్ వల్ల, తెలియని ట్యాగ్ మీతో ప్రయాణిస్తుంటే మీ ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. దొంగ ఫోన్‌కి కూడా వస్తుంది! ఆడపిల్లల బ్యాగుల్లో ట్యాగులు వేసే వెధవల కోసం ఆ ఫీచర్ ఉండి తీరాలి, దాని మీద నాకు కంప్లైంట్ లేదు. కానీ మీకు దొరికేది కొంచెం టైమే అని గుర్తుపెట్టుకోండి. స్క్రీన్‌షాట్లు వెంటనే తీయండి. మ్యాప్ బిల్డింగ్ దాకే తీసుకెళ్తుంది, అమీర్‌పేటలో ఒక బిల్డింగ్ అంటే నాలుగు ఫ్లోర్లు, నలభై రూములు. ఒంటరిగా వెళ్లి తలుపులు కొట్టే హీరోయిజం వద్దు, పోలీసులతోనే వెళ్లండి.

పోలీసుల దగ్గరికి వెళ్లేముందు ఒక లా పాయింట్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. కానీ పోయిన సొత్తు విలువ 5,000 లోపు ఉండి, దొంగకి అది మొదటి కేసైతే, సొత్తు తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవే. పైగా 5,000 లోపు కేసు నాన్-కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. "డ్రిల్ పోయింది సార్" అని ఒక్క ముక్క చెబితే లెక్క 4,200 దగ్గర ఆగిపోవచ్చు. నిజంగా పోయినవన్నీ రాయండి: బ్యాటరీలు, చార్జర్, బిట్ల సెట్, బ్యాగ్. దానికి బిల్లులు కావాలి, అందుకే జీఎస్టీ బిల్ అడిగి తీసుకోండి. కొన్న రోజే బిల్‌నీ, సీరియల్ నంబర్ స్టిక్కర్‌నీ ఫోటో తీసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. సిమెంట్ దుమ్ముకి ఆ స్టిక్కర్ త్వరగా చెరిగిపోతుంది. అందుకే అన్న తన ఫోన్ నంబర్‌ని కొత్త డ్రిల్ బాడీ మీదే చెక్కేశాడు. చూడ్డానికి బాగోలేదు, రీసేల్ కూడా తగ్గుతుంది. దొంగకీ తగ్గుతుంది కదా!

ఏరియా ఎస్.ఆర్.నగర్ స్టేషన్‌దా పంజాగుట్టదా అని తిప్పితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, కాగ్నిజబుల్ కేసుకి ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఇచ్చినా మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. పక్క షాపుల సీసీ కెమెరా ఫుటేజ్ మాత్రం అదే రోజు అడగండి, పాతది చెరిగిపోతూ కొత్తది రికార్డ్ అవుతుంటుంది.

చెయిన్, తాళం గురించి అడిగేవాళ్లు ఉంటారు. గ్రైండర్‌ని చెయిన్‌తో కట్టేస్తే, ఆ చెయిన్ కోసేది ఇంకో గ్రైండరే. అయినా పట్టపగలు ఫుట్‌పాత్ మీద బ్యాగ్ ఎత్తుకుపోయేవాడు గ్రైండర్ తెచ్చుకోడు. నిచ్చెనకి ఒక కేబుల్ లాక్ వేసి బ్యాగ్ కట్టేస్తే చాలు, అన్నకి ఆ రోజు అదొక్కటి ఉన్నా బ్యాగ్ నిలిచేది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి కూడా ఒక మాట. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా పాత మిషన్ కొంటే బిల్ అడగండి, అమ్మేవాడి నంబర్ ఉంచుకోండి. దొంగ సొత్తని నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే సెక్షన్ 317 కింద కొన్నవాడి మీదా కేసు పడుతుంది. సీరియల్ స్టిక్కర్ ఉన్నచోట ఎవరో గీకేసిన గుర్తులు కనిపిస్తే, రేటు ఎంత తక్కువ చెప్పినా అక్కడే వదిలేసి రండి.