నోటి క్యాన్సరు – రక్షకకణముల కళ్ళెము

చుట్టను నిప్పుకొన నోటిలోపల నుండునట్లు పెట్టి త్రాగుటను మనవారు అడ్డపొగ యందురు. ఉత్తరాంధ్రమున నీ యలవాటు, విశేషించి స్త్రీలలో, చిరకాలమునుండి కలదు. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధనవలన అంగిటి రోగములకును అడ్డపొగకును గల సంబంధము విశదమయ్యెను. పొగాకు నమలుట, వక్క, గుట్కా, మద్యము అను నవియు నోటి క్యాన్సరునకు కారణములే. ఇట్టి యలవాట్లు అనేక గృహములయందున్నవి కనుక, ఈ వ్యాధినిగూర్చి నూతనశాస్త్రము తెలిపిన యొక విషయమును వివరింప దలచితిమి.

మన రక్తమునందలి తెల్లకణములలో టి కణములను నొక తెగ కలదు. చెడిన కణములను గుర్తించి చంపుట వాని పని. అవి హద్దుమీఱినచో మన మంచి యవయవములనే పాడుచేయును. కావున ప్రకృతి వానికి కళ్ళెములను తగిలించినది. అందొకదాని పేరు పి.డి. 1. దీనిని జపానుదేశమున క్యోటోలో తసుకు హొంజోగారు తమ సహచరులతో 1992లో కనుగొనిరి. ఈ కళ్ళెమును లాగు చేయివంటిది పి.డి.ఎల్. 1 అను పదార్థము. క్యాన్సరు కణములు దీనిని తమపై ధరించి, తమ్ము చంపవచ్చిన టి కణములను నిలిపివేయును. ఆ చేయి కళ్ళెమును తాకకుండ చేయు మందులు ఇప్పుడు కలవు. హొంజోగారికిని, మఱియొక కళ్ళెమును పరిశోధించిన అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆలిసన్‌గారికిని 2018లో నోబెలు బహుమానము లభించెను.

పుండునుండి తీసిన చిన్నముక్కకు రంగువేసి, పి.డి.ఎల్. 1 గల కణములను సూక్ష్మదర్శినితో లెక్కింతురు. ఆ లెక్క హెచ్చినచో రోగి యాయువు తగ్గునా? అట్లు నిశ్చయింపరాదు. కొన్ని పరిశోధనలలో కీడును, కొన్నిటిలో మేలును కనబడెను. మఱికొన్నిటిలో భేదమే లేదు. ఏలయన, ఈ పదార్థము రెండు విధముల పుట్టును. ఒకప్పుడు క్యాన్సరు తనంతట దానిని చేసికొనును. ఒకప్పుడు టి కణములు పైబడగా ఆత్మరక్షణకై ధరించును. రెండవది, మన సైన్యము కోటలో ప్రవేశించినదనుటకు సాక్ష్యము. పుండులో టి కణములు దండిగా చేరియుండుట సాధారణముగా మేలైన లక్షణము.

ఆయువును చెప్పలేకున్నను, ఏ మందు పనిచేయునో తెలిసికొనుటకు ఈ గుర్తు సాయపడును. తిరుగబెట్టిన లేక దూరమునకు ప్రాకిన తల, మెడ క్యాన్సరులలో ఈ గుర్తు గలవారికి పెంబ్రొలిజుమాబ్ అను మందు పూర్వచికిత్సకంటె ఎక్కువ ఆయువు నిచ్చునని 2019లో ప్రకటింపబడెను. కాని యిట్టి మందుల వెల సామాన్యుల కందరానిది. బొంబాయిలోని టాటా స్మారక వైద్యశాలవారు నివోలుమాబ్ అను మందును, వాడుకగా నిచ్చు 240 మిల్లీగ్రాములకు బదులు, 20 మిల్లీగ్రాములు మాత్రమే మూడువారముల కొకసారి పాతమందులకు చేర్చి యిచ్చిరి. పాతమందులతోనే యున్నవారిలో ఒక సంవత్సరము బ్రదికినవారు నూటికి సుమారు 16. ఇది చేర్చినవారిలో సుమారు 43. ఈ ఫలితము 2022లో వెలువడెను.

అయినను రోగి భవిష్యత్తును తెలుపుటలో, పుండెంత పెద్దది, మెడగ్రంథులకు ప్రాకినదా యనునవియే నేటికిని ముఖ్యములు. కనుక రెండుమూడు వారములలో మానని పుండు, తెల్లని లేక యెఱ్ఱని మచ్చ, నోరు తెఱచుట కష్టమగుట – వీనిలో నేది కనబడినను నొప్పికై వేచియుండక వైద్యునికి చూపవలెను. విద్యార్థులారా! ఈ మాట మీ యవ్వలకును తాతలకును వినయముతో చెప్పుడు.