తాడు విసరడమూ ఓ విద్యే!

అమెరికాలో కౌబాయ్‌ల ఆటల పోటీలైన రోడియోల్లో ‘టీమ్ రోపింగ్’ జంటగా ఆడే పోటీ. ఇద్దరూ గుర్రాల మీద దౌడు తీస్తూ పరుగెత్తే గిత్తను పట్టాలి. హెడర్ కొమ్ములకు ఉచ్చు వేస్తే, హీలర్ వెనక కాళ్లకు వేస్తాడు. ఆ విసురు వెనక ఎన్ని మెలకువలున్నాయో!

★ ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. ఈజిప్టులోని అబిడోస్ ఆలయం గోడ మీద రెండో రామ్సెస్, తన కొడుకుతో కలిసి ఎద్దుకు ఉచ్చు వేస్తున్న శిల్పం ఉంది. దాని వయసు 3,200 ఏళ్లకు పైనే.

★ ఇద్దరి తాళ్లూ ఒకటి కావు. హెడర్‌ది సుమారు 30 అడుగులు, కాస్త మెత్తన. హీలర్‌ది 35 అడుగులు, బిరుసు. గిత్త కాళ్లు వచ్చి పడేదాకా అతని ఉచ్చు తెరుచుకునే ఉండాలి మరి!

★ తాడు చివరి కన్నును ‘హోండా’ అంటారు. చేతికీ ఆ కన్నుకూ మధ్య తగినంత తాడు వదలాలి. మరీ పొట్టిగా పట్టుకుంటే బరువు ఒకవైపే పడి ఉచ్చు వంకర తిరుగుతుంది.

★ ఉచ్చును తిప్పాల్సింది భుజబలంతో కాదు, మణికట్టుతో. విసిరాక చెయ్యి గురివైపే సాగాలి. మధ్యలో వెనక్కి లాగితే ఉచ్చు గురి చేరకముందే ముడుచుకుపోతుంది.

★ సాధన మొదలయ్యేది నేల మీదే. గడ్డిమోపుకు ప్లాస్టిక్ గిత్త తల గుచ్చి, దాని మీదే వందలసార్లు విసురుతారు. చెయ్యి కుదిరాకే గుర్రం ఎక్కడం.

★ ఉచ్చు పడగానే తాడును జీను కొమ్ముకు చుట్టాలి. అప్పుడు బొటనవేలు పైకే ఉండాలి. ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన జేక్ బార్న్స్, 2005 జాతీయ ఫైనల్స్‌లో ఈ చుట్టులో చిక్కి బొటనవేలు పోగొట్టుకున్నాడు. అయినా మళ్లీ తాడు పట్టాడు.

★ 2009 జాతీయ ఫైనల్స్‌లో చాడ్ మాస్టర్స్, జేడ్ కార్కిల్ జంట 3.3 సెకన్లలోనే పని ముగించింది. తొందరపడి ఒక్క కాలికే ఉచ్చు వేస్తే జరిమానా 5 సెకన్లు! పని కంటే తప్పుకే ఎక్కువ సమయం పోతుందన్నమాట. తాడు పట్టే ప్రతి ఒక్కరూ ముందు తీరు నేర్వాలి, జోరు తర్వాత.