వాతావరణ మార్పు: మనిషిని చూసి కాదు, కొలతను చూసి నమ్మాలి

భూమి వేడెక్కుతోందా, దానికి మనిషే కారణమా అన్న వాదన నలుగురు కూడినచోట మొదలైతే కాసేపట్లోనే వాతావరణాన్ని వదిలి మనుషుల మీదికి మళ్లుతుంది. శాస్త్రవేత్తలు నిధుల కోసం భయపెడుతున్నారంటారు ఒకరు. విమానాల్లో తిరిగే నాయకులు మనకు నీతులు చెబుతున్నారంటారు ఇంకొకరు. ఈ మాటల్లో కొన్నిటి వెనక నిజంగా జరిగిన సంఘటనలే ఉన్నాయి. అందుకే వాటిని కొట్టిపారేయకుండా ఒక్కొక్కటీ విప్పి చూడాలి. చెప్పేవాళ్లు ఎలాంటివాళ్లయినా, వాళ్లంటే గిట్టనివాళ్లు మళ్లీ కొలిచినా అదే లెక్క తేలుతోందా? ఎవరి మాట నిలుస్తుందో తేల్చుకోవడానికి ఇంతకంటే గట్టి పరీక్ష లేదు.

అపోహ: శాస్త్రవేత్తలే రెండుగా చీలిపోయారు. వాళ్లు తేల్చుకున్నాక చూద్దాం.

వాస్తవం: టీవీ చర్చలో అటొకరిని, ఇటొకరిని కూర్చోబెడితే బలాలు సమానమనిపిస్తుంది. పరిశోధన పత్రాల్లో ఆ సమానత్వం లేదు. 2013లో జాన్ కుక్ బృందం దాదాపు 12 వేల పత్రాల సారాంశాలు చదివింది. భూతాపానికి కారణం గురించి అభిప్రాయం చెప్పినవి వాటిలో మూడోవంతు. ఆ మూడోవంతులో 97 శాతం మనిషే కారణమన్నాయి. మిగతావి మౌనంగా ఉన్నాయి కదా అని విమర్శకులు అడిగారు. 2012 నుంచి వచ్చిన 88,125 పత్రాల మీద 2021లో మరో అధ్యయనం జరిగింది. అందులో ఏకాభిప్రాయం 99 శాతం దాటింది.

అయితే తలలు లెక్కపెట్టడం రుజువు కాదు. రుజువు భౌతికశాస్త్రంలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని అమెరికాలో యూనిస్ ఫుట్ 1856లోనే చూపించారు. ఈ వాయువు వేడి కిరణాలను పట్టి ఉంచుతుందని 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో కొలిచారు. గాలిలో దాని మోతాదు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్‌కు చెందిన అర్హీనియస్ లెక్కకట్టారు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలత మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు 315 భాగాల కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఒకవేళ సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. అవి చల్లబడుతున్నాయి.

శాస్త్రవేత్తల మధ్య భేదాభిప్రాయాలు లేవని కాదు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుంది, రుతుపవనాలు ఏ ప్రాంతంలో ఎలా మారతాయి అన్నవాటిపై వాదనలు జోరుగా సాగుతున్నాయి. వేడెక్కడం నిజమా కాదా అన్నది ఆ జాబితాలో లేదు.

అపోహ: 1970ల్లో మంచుయుగం వస్తుందన్నారు. ఇప్పుడు మాట మార్చారు.

వాస్తవం: 1975లో న్యూస్‌వీక్ పత్రిక అలాంటి కథనం వేసిన మాట నిజమే. కానీ 1965 నుంచి 1979 వరకు వచ్చిన శాస్త్ర పత్రాలను తర్వాత తిరగేసి చూస్తే చల్లబడుతుందన్నవి 7, వేడెక్కుతుందన్నవి 44. పత్రికల శీర్షిక వేరు, శాస్త్రం చెప్పింది వేరు.

అపోహ: 2009లో బయటపడ్డ ఈమెయిళ్లు మొత్తం మోసమని తేల్చేశాయి.

వాస్తవం: కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సుకు కొద్ది వారాల ముందు, బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలోని వాతావరణ పరిశోధన కేంద్రం కంప్యూటర్ల నుంచి వెయ్యికి పైగా ఈమెయిళ్లను ఎవరో దొంగిలించి బయటపెట్టారు. ఒకదానిలో 'తగ్గుదలను కనపడకుండా చేయడం' గురించి ఉంది. భూమి ఉష్ణోగ్రత తగ్గుతుంటే దాచారని ప్రపంచమంతా అనుకుంది. అక్కడ తగ్గుదల అన్నది చెట్ల గురించి. పాత కాలపు ఉష్ణోగ్రతలను అంచనా వేయడానికి చెట్ల వలయాలను వాడతారు; ఉత్తరాది అడవుల్లో కొన్ని చెట్ల వలయాలు 1960 తర్వాత థర్మామీటర్ల కొలతలను అనుసరించడం మానేశాయి. ఈ సంగతి 1998లోనే శాస్త్ర పత్రికల్లో అచ్చయింది.

2010లో బ్రిటన్ పార్లమెంటు సంఘం, లార్డ్ ఆక్స్‌బర్గ్ బృందం, మ్యూర్ రసెల్ సంఘం వేర్వేరుగా విచారించాయి. లెక్కలు కల్పించారనడానికి ఆధారం దొరకలేదు. అలాగని శాస్త్రవేత్తలను పూర్తిగా కడిగిన ముత్యాలనీ అనలేదు. సమాచార హక్కు చట్టం కింద వివరాలు అడిగినవారికి సరిగా జవాబివ్వలేదని పార్లమెంటు సంఘం, మ్యూర్ రసెల్ సంఘం తప్పుబట్టాయి. 1999 నాటి ఒక నివేదిక ముఖచిత్రంగా వేసిన గ్రాఫులో రెండు రకాల కొలతలను కలిపిన సంగతి స్పష్టంగా చెప్పకపోవడం చూసేవాళ్లను తప్పుదోవ పట్టించేదేనని మ్యూర్ రసెల్ సంఘం రాసింది. అదే సంఘం ఇంకో పని కూడా చేసింది. అందరికీ అందుబాటులో ఉన్న కేంద్రాల ఉష్ణోగ్రతలు తీసుకుని, సొంతంగా ప్రోగ్రాం రాసుకుని లెక్క వేసింది. రెండు రోజుల్లోపే అదే ఫలితం వచ్చింది.

అపోహ: వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ హిమాలయాల విషయంలో తప్పు చెప్పింది. ఇక దాని ఏ నివేదికనూ నమ్మనక్కర్లేదు.

వాస్తవం: ఇది మన దేశాన్ని నేరుగా తాకిన వివాదం. 2007 నాటి ఐపీసీసీ నివేదిక రెండో సంపుటంలో, హిమాలయ హిమానీనదాలు 2035 కల్లా కనుమరుగయ్యే అవకాశం చాలా ఎక్కువని రాశారు. ఆ మాటకు మూలం శాస్త్ర పత్రం కాదు. 1999లో ఒక సైన్స్ మ్యాగజైన్‌లో వచ్చిన వ్యాఖ్యను ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నివేదిక ఎత్తిరాసింది, దాన్ని ఐపీసీసీ ఎత్తిరాసింది. 2009 నవంబరులో కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, హిమానీనదాలు అంత వేగంగా కరుగుతున్నాయన్న వాదనను ప్రశ్నిస్తూ హిమానీనదాల నిపుణుడు వి.కె. రైనా రాసిన చర్చాపత్రాన్ని విడుదల చేశారు. అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు ఆర్.కె. పచౌరి దాన్ని 'వూడూ సైన్స్' అని ఈసడించారు. రెండు నెలలు తిరిగేసరికి, 2010 జనవరిలో, 2035 అన్న అంచనాకు ఆధారం లేదని ఐపీసీసీయే విచారం ప్రకటించాల్సి వచ్చింది.

తప్పు కంటే, అడిగినవారిని అవమానించిన తీరు ఆ సంస్థ పరువును ఎక్కువగా దెబ్బతీసింది. ప్రశ్నించినవాడిని ఈసడించే హక్కు ఏ నిపుణుడికీ లేదు. కానీ ఆ తప్పును పట్టుకున్నది ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. దాని మూలాన్ని తవ్వితీసి, సవరణను శాస్త్ర పత్రికలో అచ్చువేయించిన వారిలో గ్రాహం కాగ్లీ వంటి హిమానీనద శాస్త్రవేత్తలున్నారు. వాళ్లెవరూ భూతాపాన్ని కాదన్నవాళ్లు కారు. తర్వాత పలు దేశాల సైన్స్ అకాడమీల ఉమ్మడి మండలి ఐపీసీసీ పనితీరును సమీక్షించి మార్పులు సూచించింది.

ఇక హిమానీనదాల సంగతి. 2019లో ఖాట్మండులోని పర్వత ప్రాంతాల పరిశోధన సంస్థ ఐసీఐఎంవోడీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, ప్రపంచ ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీలకే ఆపినా 2100 నాటికి హిందూకుష్–హిమాలయ ప్రాంతంలో మూడోవంతు మంచు పోతుంది. ఉద్గారాలు ఇలాగే సాగితే మూడింట రెండు వంతులు పోతుంది. తేదీ తప్పింది. ప్రమాదం తప్పలేదు.

అపోహ: నిధుల కోసమే శాస్త్రవేత్తలు ఇలా చెబుతున్నారు.

వాస్తవం: ఈ ఆరోపణకు జవాబు, అటువైపు డబ్బుతో జరిగిన పరిశోధనల్లోనే ఉంది. కాలిఫోర్నియా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ పాత ఉష్ణోగ్రత లెక్కలను గట్టిగా అనుమానించినవారు. బర్క్‌లీ ఎర్త్ అనే బృందంతో ఆ లెక్కలన్నీ మొదటినుంచీ మళ్లీ వేశారు. ఆయనకు అందిన నిధుల్లో 1,50,000 డాలర్లు చార్లెస్ కోక్ ఫౌండేషన్‌వి. చమురు వ్యాపారంలో ఉండి, వాతావరణ చట్టాలను వ్యతిరేకించేవారికి అండగా నిలిచిన కుటుంబమది. 2011లో ఫలితం వచ్చింది: పాత లెక్కలు సరైనవే. 2012లో ముల్లర్ మరో అడుగు వేసి, ఈ వేడికి దాదాపు పూర్తిగా మనుషులే కారణమని పత్రికాముఖంగా రాశారు.

ఎక్సాన్ చమురు కంపెనీ సంగతి ఇంకా విస్తుగొలుపుతుంది. 1977లో ఆ కంపెనీ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్, ఇంధనాలు మండించడం వల్ల భూమి వేడెక్కుతుందని యాజమాన్యానికి వివరించారు. కంపెనీ లోపల వేసుకున్న అంచనాలను 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం పరిశీలించింది. పదేళ్లకు సగటున 0.20 డిగ్రీలు పెరుగుతుందని వాళ్లు వేసిన లెక్క చాలావరకు నిజమైంది. బయట మాత్రం అదే కంపెనీ ఏళ్ల తరబడి, ఇంకా ఏమీ తేలలేదని ప్రచారం చేసింది. డబ్బు కోసం సత్యాన్ని వంచినవాళ్ల గురించి అడగదలిస్తే, ఆ ప్రశ్న ముందు ఇక్కడ అడగాలి.

అపోహ: అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ లాంటివాళ్లే మితిమీరి కరెంటు వాడతారు, విమానాల్లో తిరుగుతారు. వాళ్ల మాట ఎలా నమ్మాలి?

వాస్తవం: చెప్పేదొకటి, చేసేదొకటి అయితే నిలదీయాల్సిందే. వాతావరణ మార్పు మీద ఆయన చేసిన సినిమాలోని లోపాలను కూడా దాచనక్కర్లేదు. 2007లో లండన్ హైకోర్టులో జస్టిస్ బర్టన్ ఆ సినిమా నుంచి తొమ్మిది అంశాలు ఎత్తిచూపి, అవి శాస్త్రీయ ఏకాభిప్రాయంతో సరిపోవన్నారు. సముద్రమట్టం 20 అడుగులు పెరగడాన్ని రేపోమాపో జరిగేదిగా చూపడం వాటిలో ఒకటి. అంతటి పెరుగుదలకు వేల ఏళ్లు పడుతుంది. అదే తీర్పులో సినిమా మొత్తంమీద సరైనదేననీ, తగిన వివరణలతో బడుల్లో చూపవచ్చనీ కూడా అన్నారు. గోర్ నడవడి గోర్‌కు సంబంధించిన ప్రశ్న. టిండాల్ కొలతలు ఆయన పుట్టడానికి దాదాపు తొంభై ఏళ్ల ముందువి.

అపోహ: 2030 కల్లా అంతా అయిపోతుంది. ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: ఇది ఉద్యమకారుల వైపు నుంచి పుట్టిన అపోహ. 2018లో ఐపీసీసీ చెప్పింది వేరు. వేడిని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలంటే కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2010తో పోలిస్తే 2030 నాటికి సుమారు 45 శాతం తగ్గాలని, 2050 ప్రాంతానికి నికరంగా సున్నాకు చేరాలని చెప్పింది. 2030 దాటగానే ప్రళయం వస్తుందని అనలేదు. తగ్గించిన ప్రతి పదోవంతు డిగ్రీకీ విలువ ఉంది. అతిగా భయపెట్టేవాళ్లు తాము కాపాడాలనుకున్న విషయానికే చేటు చేస్తున్నారు. గడువు దాటి ప్రళయం రాకపోతే జనం అసలు హెచ్చరికను కూడా నమ్మరు.

అపోహ: దీన్ని ఒప్పుకుంటే మన అభివృద్ధిని ఆపాలనే పాశ్చాత్యుల ఎజెండాకు తలొగ్గినట్టే.

వాస్తవం: శాస్త్రాన్ని ఒప్పుకుంటేనే న్యాయం అడగగలం. 1991లో పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ చేసింది అదే. పేదల పొలాల ఉద్గారాలనూ, ధనికుల కార్ల ఉద్గారాలనూ ఒకే గాటన కట్టడం అన్యాయమని లెక్కలతో నిలదీశారు. ఆ మరుసటి ఏడాది కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో, బాధ్యత అందరిదీ అయినా అందరికీ ఒకే మోతాదులో కాదన్న సూత్రం చేరింది. ఇప్పటికీ తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు అమెరికాలో ఏడాదికి సుమారు 14 టన్నులు, మన దగ్గర 2 టన్నులు. ఎవరు ఎంత తగ్గించాలి, ఎవరు ఖర్చు భరించాలి, బొగ్గు గనుల కార్మికుల బతుకేమిటి అన్నవి నిజమైన భేదాభిప్రాయాలు. వాటిపై ఎంత గట్టిగా వాదించుకుంటే అంత మంచిది.

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు రెండు వేలమందికి పైగా చనిపోయారు. వేడి ముదిరే కొద్దీ ముందు నష్టపోయేది ఎండలో పనిచేసి పొట్టపోసుకునేవాళ్లే. అందుకని ఎవరు ఏ మాట చెప్పినా మూడు ప్రశ్నలు అడుగుదాం. లెక్క బయటపెట్టారా? ఎదుటిపక్షం కొలిచినా అదే వచ్చిందా? తప్పు దొరికితే దిద్దుకున్నారా? ఈ పరీక్షలో కొందరు నాయకులు, కొందరు ఉద్యమకారులు, ఒక్కోసారి కొందరు శాస్త్రవేత్తలు కూడా తప్పారు. భూమి వేడెక్కుతోందన్న లెక్క మాత్రం ఎన్నిసార్లు పరీక్షించినా నిలబడింది. ఆ లెక్క మీద నిలబడి, న్యాయమైన పరిష్కారం కోసం పోట్లాడటం మన హక్కు, మన బాధ్యత కూడా.