పసిబిడ్డతో ఆస్ట్రేలియా వేసవికి: ఋతుచర్య, మందుల సంచి

ఆస్ట్రేలియాలో స్థిరపడిన అన్న ఇంటికో, అక్క ఇంటికో సెలవులకు వెళ్ళే కుటుంబాలు నేడు మన విశాఖపట్నంలో తరచుగా కనిపిస్తున్నాయి. ఆ దేశపు 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేల మంది. మా జాలరిపేటలో కూడా చదువుకున్న పిల్లలు సముద్రాలు దాటి వెళ్ళారు. వారిని చూడబోయే తల్లులు ఏడాది, రెండేళ్ళ బిడ్డను చంకనెత్తుకొని నా వైద్యశాలకు వచ్చి, "డాక్టరుగారూ, పాపకు ఏమేమి మందులు కట్టుకుపొమ్మంటారు?" అని అడుగుతూ ఉంటారు.

మందుల మాట తరువాత. ముందుగా తెలుసుకోవలసినది ఋతువును గురించి. బిడ్డ అక్కడికి చేరే వేళకు ఆ దేశంలో ఏ ఋతువు నడుస్తున్నదో తెలిస్తే ఆహారం, స్నానం, నిద్ర, ఔషధం అన్నీ దానినిబట్టి నిర్ణయమవుతాయి. అది తెలియకపోతే ఎంత మంచి మందు అయినా అపథ్యమే.

వేసవి ఎక్కడిది?

మనకు ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలలు ఆస్ట్రేలియాలో శరత్కాలం. జూన్ నుంచి ఆగస్టు వరకు శీతకాలం. వారి వేసవి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మాసాలలో వస్తుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం కనుక ఇలా తలక్రిందులుగా ఉంటుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉండే ఆ 61 రోజులలో జాలరిపేట వారికి తీరిక దొరుకుతుంది కనుక ప్రయాణాలు అప్పుడే పెట్టుకుంటారు. ఒక అమ్మమ్మగారు మే నెలలో మెల్‌బోర్న్ వెళ్తూ సబ్జాగింజలు, సుగంధిపాల వేళ్ళు, మజ్జిగలోకి పొడులు మూట కట్టారు. "వేసవికే కదా బాబూ వెళ్తున్నాం, బిడ్డకు చలవ చేయాలి కదా" అన్నారు. "అమ్మా, మీరు విమానం దిగేది చలి మొదలయ్యే రోజులలో. బిడ్డకు కావలసినది చలవ కాదు, ఒంటికి నువ్వులనూనె, తలకు ఉన్నిటోపీ" అని చెప్పవలసి వచ్చింది.

చరక సంహిత సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయం సంవత్సరాన్ని రెండుగా విభజించింది. సూర్యుడు ప్రాణుల బలాన్ని గ్రహించే ఆదానకాలం ఒకటి. శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులు ఇందులోనివి. బలాన్ని తిరిగి ఇచ్చే విసర్గకాలం రెండవది. వర్ష, శరత్, హేమంతాలు దానికి చెందుతాయి. ఇక్కడ డిసెంబరులో హేమంతం. జఠరాగ్ని ప్రదీప్తంగా ఉండి బిడ్డకు బాగా ఆకలి వేసే కాలం. విమానం ఎక్కి దిగగానే అదే బిడ్డ గ్రీష్మంలో పడుతుంది. అప్పుడు అగ్ని మందగిస్తుంది, బలం తగ్గుతుంది. ఒక ఋతువు నుంచి మరొక ఋతువుకు మారేటప్పుడు పాత అలవాట్లను క్రమంగా విడిచి, కొత్తవాటిని క్రమంగా పట్టాలని వాగ్భటుడు చెప్పాడు. ఋతుసంధికి ఆయన ఇచ్చిన గడువు పదునాలుగు రోజులు. విమానం ఆ గడువును ఒక్క పగలు, ఒక్క రాత్రిగా కుదిస్తున్నది. ఆ లోటును తల్లిదండ్రులే ముందుగా పూరించాలి.

బిడ్డ వయస్సు

సుశ్రుతుడు బాల్యాన్ని మూడు దశలుగా చెప్పాడు. ఏడాది వరకు క్షీరపుడు, అంటే పాలే ఆహారం. రెండేళ్ళ వరకు క్షీరాన్నాదుడు, పాలూ అన్నమూ కలిసిన దశ. ఆపైన అన్నాదుడు. నడక నేర్చిన బిడ్డ ఈ రెండవ దశలోనో, మూడవ దశ మొదట్లోనో ఉంటుంది. జీర్ణశక్తి ఇంకా స్థిరపడని వయస్సు ఇది. చేతికందినదంతా నోట పెట్టుకొనే వయస్సు కూడా ఇదే. అందుచేత ప్రయాణానికి నెల రోజుల ముందు నుంచి కొత్త ఆహారాలు అలవాటు చేయడం, తల్లిపాలు మాన్పించడం వంటివి మొదలుపెట్టరాదు. అలవాటైన ఆహారమే బిడ్డకు సాత్మ్యం. బియ్యపు జావ, పెసరకట్టు, రాగిజావ, మెత్తని పప్పన్నం అక్కడ కూడా కొనసాగాలి. ఈ దినుసులను ఇక్కడ నుంచి మోయనక్కరలేదు. సిడ్నీలోని హారిస్ పార్క్, మెల్‌బోర్న్‌లోని డాండెనాంగ్ వంటి చోట్ల మన దుకాణాలున్నాయి.

టీకాలను ఉపేక్షించరాదు. మన జాతీయ పట్టిక ప్రకారం తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక, రెండవది 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. జనసమ్మర్దం గల విమానాశ్రయాలలో తట్టు సులభంగా అంటుతుంది. ఏ కషాయమూ ఈ టీకాకు బదులు కాదు. టీకాల పుస్తకాన్ని చేతిసంచిలోనే ఉంచుకోండి.

సరిహద్దు వద్ద మందుల సంచి

ఆస్ట్రేలియా తన పంటలను, పశువులను బయటి తెగుళ్ళ నుంచి కాపాడుకోవడంలో ఎంతో కఠినంగా ఉంటుంది. ఆహారపదార్థాలు, విత్తనాలు, ఆకులు, వేళ్ళు, పాల పదార్థాలు, మూలికా ఔషధాలు ఏవి ఉన్నా ప్రవేశపత్రంలో తప్పక తెలియజేయాలి. తెలియజేసిన వస్తువు అనుమతికి తగనిదైతే తీసుకుంటారు, అంతే. దాచినది దొరికితే జరిమానా విధిస్తారు, వీసాకే ముప్పు రావచ్చు.

తాజా కరివేపాకు, తులసి, తమలపాకు, పండ్లు, కూరగాయలు తీసుకువెళ్ళరాదు. పాలకోవా, ఇంటి నెయ్యి వంటివాటి జోలికి పోక అక్కడే కొనుక్కోవడం మేలు. పెర్త్ నగరం ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియాలోకి తేనె నిషిద్ధం. పేరు లేని డబ్బాలో ఇంటి పొడి పోసి తీసుకువెళ్తే అది ఏమిటో అధికారికి తెలియదు. ముద్రించిన పేరు, దినుసుల పట్టిక గల మూసిన పొట్లమైతే మాట్లాడడానికి ఆధారం ఉంటుంది. వైద్యుడు రాసిన మందులకు ఆంగ్లంలో చీటీ తీసుకోండి.

తీసుకువెళ్ళరానివి

సరిహద్దు నియమాలతో నిమిత్తం లేకుండా, పసిబిడ్డ ఉన్న సంచిలో ఉండరానివి కొన్ని ఉన్నాయి. ఇవన్నీ మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే కనుక చెప్పడం కష్టం. అయినా చెప్పి తీరాలి.

కర్పూరం: జలుబుకు గుడ్డలో కట్టి మెడకు వేలాడదీసే అలవాటు ఉంది. చిన్న ముక్క మింగినా బిడ్డకు మూర్ఛలు రావచ్చు.

నీలగిరి తైలం: ఈ చెట్టు జన్మస్థానం ఆస్ట్రేలియాయే. అక్కడ ప్రతి మందుల దుకాణంలోనూ ఈ తైలం దొరుకుతుంది. చెంచాడు మింగితే బిడ్డ స్పృహ తప్పుతుంది, ప్రాణాపాయం కూడా. ముక్కు దగ్గర రాయరాదు, అందేచోట ఉంచరాదు.

వసకొమ్ము: మాటలు త్వరగా వస్తాయని అరగదీసి నాకిస్తారు. ఇందులోని అసరోన్ అనే పదార్థం కారణంగా అమెరికా 1968లోనే ఆహారంలో దీని వాడకాన్ని నిషేధించింది. బిడ్డకు మాటలు వచ్చేది తల్లి మాట్లాడితే.

జాజికాయ: నిద్రకోసం అరగదీసి పెట్టరాదు. మోతాదు మించితే మత్తు, వాంతులు, గుండెదడ కలుగుతాయి.

కాటుక, సుర్మా: బజారులో అమ్మే కొన్నింటిలో సీసం కనిపించింది. సీసం బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

రసౌషధాలు, భస్మాలు: 2004లో ప్రచురితమైన ఒక పరిశీలనలో బోస్టన్ నగరపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఔషధాలలో 14 సీసం, పాదరసం లేక ఆర్సెనిక్ కలిగి ఉన్నట్టు తేలింది. శాస్త్రంపై గౌరవం ఉన్నవాడిని కనుకనే అంటున్నాను, ఇవి పసిబిడ్డలకు తగవు.

సాంబ్రాణి: అక్కడి ఇళ్ళలో పొగను పసిగట్టి మోగే అలారాలు తప్పనిసరి. పొగ బిడ్డ ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

తేనె: ఏడాది నిండని బిడ్డకు ఒక్క చుక్కైనా నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి వలన కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది.

తీసుకువెళ్ళదగినవి

సంచి చిన్నదిగా ఉండాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగైదు, బిడ్డ బరువునుబట్టి వైద్యుడు రాసిన జ్వరం మందు, దానిని కొలిచే గొట్టం, జ్వరమాపిని, ఒంటికి రాసే కొబ్బరినూనె. ఇవి చాలు. కడుపుబ్బరానికి జీలకర్ర వేసి మరిగించిన నీరు, ఏడాది దాటిన బిడ్డకు రాత్రి దగ్గుకు అరచెంచా తేనె అక్కడ కూడా కుదుర్చుకోవచ్చు. పొట్లం లేని వేళ లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, అంచు సమంగా కొలిచి కలిపితే ఓ.ఆర్.ఎస్. వలె పనిచేస్తుంది. ఉప్పు పెరిగితే ప్రమాదం కనుక కొలత తప్పరాదు.

విమానంలో

విశాఖ నుంచి ఆస్ట్రేలియాకు నేరుగా విమానం లేదు. సింగపూరు వంటి చోట మారాలి. అందుచేత ఒక రాత్రి తప్పక చెడుతుంది. విమానంలోని గాలి పొడిగా ఉంటుంది కనుక బిడ్డకు కొద్దికొద్దిగా నీరు, పాలు పడుతూ ఉండాలి. విమానం పైకి లేచేటప్పుడు, ముఖ్యంగా దిగేటప్పుడు చెవిపోటు వస్తుంది. ఆ సమయంలో పాలు కుడిపితే, నీరు మింగిస్తే చెవుల ఒత్తిడి సర్దుకుంటుంది. నిద్రపుచ్చడానికి జలుబు మందులు పట్టరాదు.

సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల గడియారం వారి వేసవిలో మనకంటే ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి ఎనిమిదికి పడుకొనే బిడ్డకు అక్కడ నిద్ర వచ్చేది తెల్లవారుజామున ఒంటిగంటన్నరకు. బయలుదేరే ముందు ఐదారు రోజులు రోజుకు అరగంట చొప్పున నిద్రనూ మేలుకొలుపునూ ముందుకు జరపండి. అక్కడ దిగిన మరునాడు ఉదయపు వెలుతురులో కాసేపు ఆడనివ్వండి. మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోనివ్వకండి. నాలుగైదు రోజులలో సర్దుకుంటుంది.

అక్కడి గ్రీష్మం

విశాఖ ఎండ తడి ఎండ. చెమట ఒంటినంటి ఉంటుంది కనుక బిడ్డ దాహం తల్లికి తెలుస్తుంది. మెల్‌బోర్న్, అడిలైడ్ ఎండ పొడి ఎండ. చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. బిడ్డ ఒళ్ళు పొడిగా ఉన్నది కదా అని తల్లి నిశ్చింతగా ఉంటుంది, లోపల నీరు తరిగిపోతూ ఉంటుంది. అసలు ప్రమాదం ఇదే. మెల్‌బోర్న్‌లో 2009 ఫిబ్రవరి 7న 46.4 డిగ్రీలు, సిడ్నీ శివారు పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైనాయి. మెల్‌బోర్న్‌లో దక్షిణపు గాలి తిరిగితే గంటలోపే పదిహేను డిగ్రీలు పడిపోవడమూ ఉంది. కనుక వేసవిలో కూడా సంచిలో ఒక చలికోటు ఉండాలి. ఉత్తరాన కెయిర్న్స్ వంటి చోట్ల అదే కాలం వర్షకాలం. అక్కడి సముద్రంలో నవంబరు నుంచి మే వరకు ప్రాణాంతకమైన జెల్లీచేపలు ఉంటాయి.

అక్కడి సూర్యుని అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని త్వరగా కాలుస్తాయి. ఆ సూచిక 3కు చేరితే రక్షణ తీసుకోవాలని వారి నియమం. వేసవి మధ్యాహ్నాలలో అది 11 దాటడం సామాన్యం. 1981 నుంచి ఆ దేశంలో చొక్కా తొడగండి, లేపనం రాయండి, టోపీ పెట్టండి అని పిల్లలకు సైతం నేర్పుతున్నారు. పసుపు, గంధం, కొబ్బరినూనె ఈ కిరణాలను ఆపలేవు. పొడుగు చేతుల నూలు చొక్కా, మెడను కప్పే టోపీ, ఆరు నెలలు దాటిన బిడ్డకు సన్‌స్క్రీన్ వాడండి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు నీడపట్టున ఉండండి. తెల్లవారే సముద్రతీరానికి వెళ్ళండి. ఎరుపు, పసుపు జెండాల మధ్యనే నీటిలోకి దిగండి. సముద్రం మనకు పరిచితమే అనుకోరాదు. ఏ తీరపు లోలాగుడు ఆ తీరానిదని మా జాలరిపేటలో ప్రతివారికీ తెలుసు. కారులో బిడ్డకు ఆ దేశపు ప్రమాణానికి తగిన ప్రత్యేక సీటు చట్టరీత్యా తప్పనిసరి. ఆగిన కారులో బిడ్డను క్షణమైనా వదలరాదు.

ఆహారం లఘువుగా, ద్రవంగా ఉండాలి. పలుచని మజ్జిగ, గంజి, పుచ్చకాయ, అరటిపండు హితకరం. నగరాలలో కుళాయి నీరు తాగదగినదే. ఐస్‌క్రీములు, సీసాలలోని పండ్లరసాలు మితం.

ఎప్పుడు వైద్యుని చూడాలి?

ఆరు గంటలపాటు మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, శ్వాసలో పక్కలు ఎగరేస్తున్నా గృహవైద్యం కట్టిపెట్టండి. అక్కడ అత్యవసరానికి 000, విషపదార్థం మింగినట్లయితే 13 11 26 నంబరుకు ఫోను చేయాలి. భారతీయ సందర్శకులకు వారి ప్రభుత్వ వైద్య పథకం వర్తించదు. కనుక బిడ్డ పేర కూడా ప్రయాణ బీమా తీసుకోండి. ఖర్చుకు జంకి ఆలస్యం చేసే పరిస్థితి రాకుండా ఉండడమే ఆ బీమా చేసే గొప్ప చికిత్స.

టిక్కెట్టు కొనే ముందు ఏ నెలలో, ఏ నగరానికి అన్నది ఒక కాగితం మీద రాసుకొని, దాని ఎదుట అక్కడి ఋతువు పేరు రాయండి. బిడ్డ బట్టలు, భోజనం, నిద్రవేళలు ఆ పేరునుబట్టి నిర్ణయించండి. మందుల సంచిని అన్నిటికంటే చివర సర్దండి. అప్పుడు అందులో పెట్టవలసినవి ఎంత కొద్దివో మీకే తెలుస్తుంది.