ఆటలమ్మ పోసిన యింట చేయవలసిన ఉపచారము, పెట్టవలసిన ఆహారము

చలి తగ్గి యెండలు ముదురుచున్న దినములలో ఏటేట ఒకటి రెండిండ్ల గుమ్మములకు వేపమండలు కనబడుచుండును. ఆ యింట నెవరికో అమ్మవారు పోసినదని దారిని పోవువారు గ్రహింతురు. దీనిని కొందరు ఆటలమ్మ యందురు. కొందరు పోచమ్మతల్లి యందురు. వైద్యులు చికెన్‌పాక్స్ అందురు. యాసంగి కోతలును, రైతుబజారునకు కూరగాయలు చేర్చుటయు నొక్కమారుగ వచ్చిపడు దినములవి. ఇంట నొకరు మంచమెక్కినచో పని నిలిచిపోవును. కావున ఈ నెల ఎరువులమాట, విత్తనములమాట కొంత ప్రక్కకు పెట్టి, ఈ జబ్బునుగూర్చి సభ్యులకు నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మేము చెప్పదలచినది యొక్కటే. పెద్దలు పెట్టిన ఆచారములో మేలు చాల కలదు. రోగిని వేరుగ నుంచుట, విశ్రాంతి నిచ్చుట, చలువ చేయు ఆహారము పెట్టుట, వీనిని విడువనక్కరలేదు. అయితే నీళ్లు, కూడు, మందు అను మూడింటిని రోగికి దూరము చేయు ఆచారమును మాత్రము విడువవలెను.

మశూచికము వేరు, ఆటలమ్మ వేరు

వెనుకటి కాలమున పొక్కులన్నియు నొక్క తల్లివే యని యెంచి జనము భయపడుచుండిరి. మశూచికము ప్రాణములు తీయుచు, బ్రతికినవారి కన్నులు పోగొట్టుచుండెను గనుక ఆ భయము సహజమే. ఈ రెండు జబ్బులును వేరని 1767లో ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం హెబర్డెన్ స్పష్టముగ చూపెను. మశూచికము మన దేశమున 1975తో ఆగిపోయినది. ప్రపంచమంతటను అది నశించినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. నేడు మన యిండ్లలో కనబడునది ఆటలమ్మయే. పిల్లలలో ఇది చాలవరకు దానంతట అదే తగ్గిపోవును. అట్లని దీనిని చులకన చేయరాదు.

జబ్బు నడచు తీరు

ఇది వైరస్ వలన కలుగును. రోగి దగ్గు, తుమ్ము, శ్వాసలచేతను, పొక్కులలోని నీటిచేతను ఒకరినుండి యొకరికి అంటును. అంటిన పిదప 10 మొదలు 21 దినములలో, చాలమందికి రెండు వారములకు, జ్వరముతో పొక్కులు బయటపడును. మొదట ఛాతిమీదను, వీపుమీదను, ముఖముమీదను ఎఱ్ఱని చుక్కలు పుట్టి, నీటిపొక్కులై, ఎండి పక్కుగట్టును. పాతవి ఎండుచుండగనే క్రొత్తవి పుట్టుచుండును. పొక్కులు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందునుండియే, అన్నియు పక్కుగట్టువరకు జబ్బు ఇతరులకు అంటుచుండును.

దీనిని తిథులలో చెప్పిన సులభముగ తెలియును. ఉగాదినాడు పెద్దపిల్లవానికి పొక్కులు కనబడెననుకొందము. అదే యింటి చిన్నవానికి అవి చైత్రపౌర్ణమి ప్రాంతమున బయటపడవచ్చును. ఆ దినమే హనుమజ్జయంతి. కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి ఆలయమునకు జనము తండోపతండములుగ వచ్చు దినము. చిన్నవాడు చూచుటకు ఆరోగ్యముగనే యుండును. కాని జనములో వాని నెత్తుకొని తిరిగినచో ఎందరికో అంటించిన వారమగుదుము. కావున ఒకరికి తగ్గినదని నిశ్చింతగా నుండక, ఆ జబ్బు ఇంతకుముందు రానివారు మూడు వారములవరకు తిరునాళ్లకును, పెండ్లిండ్లకును పోకుండుట మేలు.

దురదకును జ్వరమునకును

దురదయే ఈ జబ్బున పెద్ద బాధ. గోకినచో పొక్కు చిట్లి, చీముపట్టి, మచ్చ మిగులును. కావున ముందుగ గోళ్లు కత్తిరింపవలెను. వదులైన నూలుబట్ట తొడుగవలెను. గాలివచ్చు చోట పడుకొనబెట్టవలెను. ఉక్కవలన దురద హెచ్చును. తొమ్మిదవనాటివరకు నీళ్లు పోయరాదనుట సరికాదు. వేపాకు వేసి కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటితో దినమున కొకమారు స్నానము చేయించి, రుద్దక మెత్తని బట్టతో అద్దినచో హాయిగ నుండును. వేపవలన వైరస్ చావదు. ఒంటికి కొంత ఊరట మాత్రము కలుగును. కడిగిన వేపమండతో మెల్లగ విసరవచ్చును గాని పొక్కులు చిట్లునట్లు రుద్దరాదు. చిట్లిన పొక్కులపై పసుపుముద్దలు, పసరులు పూయరాదు. వేపనూనెను పిల్లలకు లోపలికి తాగింపనే కూడదు, అది ప్రాణాపాయము. మందుల దుకాణమున దొరకు కాలమైన్ లోషనును కన్నులకు, నోటికి తగులకుండ పూయవచ్చును.

జ్వరమునకు పారాసిటమాల్ చాలును. పిల్లవాని బరువులో కిలో ఒక్కంటికి 10 మొదలు 15 మిల్లీగ్రాముల చొప్పున, 6 గంటలు గడచినగాని మరల ఇయ్యక, దినమునకు 4 మార్లు మించకుండ ఇయ్యవలెను. మూడు నెలలు నిండని శిశువునకు వైద్యు నడుగక ఏ మందును ఇయ్యరాదు. ఆస్పిరిన్ బిళ్లను ఈ జబ్బున పిల్లల కెన్నడు నియ్యరాదు. అది మెదడునకు, కాలేయమునకు ఘోరమైన హాని చేయవచ్చును. ఐబూప్రొఫెన్‌ను గూడ మానుట మంచిది.

ఆహారము

పోపు వేయరాదు, ఉప్పు కారము తగులరాదు, పప్పు గ్రుడ్డు ముట్టరాదని రోగిని గంజితో నుంచు ఇండ్లు కలవు. నోటిలో పొక్కులున్నప్పుడు కారము, పులుపు, మిక్కిలి వేడి పదార్థములు మంటపెట్టును గనుక వానిని మానుట యుక్తమే. కాని ఉప్పును, పప్పును మానుటవలన మేలు లేదు. జ్వరమున చెమటతో ఉప్పు పోవును. పుండ్లు మానుటకు పప్పులోని మాంసకృత్తులు కావలెను.

పెరుగన్నము, పలుచని మజ్జిగ, పెసరపప్పుతో మెత్తగ వండిన అన్నము, రాగిజావ, జొన్నజావ, అరటిపండు, ఉడికిన సొరకాయ మన యిండ్లలో దొరకునవే. అలవాటున్నవారు ఉడికిన గ్రుడ్డు తినవచ్చును. దానివలన పొక్కులు పెరుగవు. చంటిబిడ్డకు తల్లిపాలు మానిపింపరాదు. ఒక్కమారు కడుపునిండ తినలేనిచో దినమున ఆరేడు మార్లు కొంచెము కొంచెముగ పెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యము నీరు. మూత్రము తగ్గి పచ్చగ వచ్చినచో నీరు చాలలేదని తెలియవలెను. కాచి చల్లార్చిన నీరు, కొబ్బరినీరు, మజ్జిగ గంటగంటకు ఇయ్యవలెను.

ఆసుపత్రికి పోవలసిన వేళ

ఊపిరాడకుండుట, మగతగ పడియుండుట, మాట తడబడుట, మెడ బిగిసిపోవుట, మాటిమాటికి వాంతులు, నాలుగు దినములు దాటినను జ్వరము విడువకుండుట, పొక్కుల చుట్టు ఎఱ్ఱబడి వాచి చీముపట్టుట, నీరు త్రాగలేకుండుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను తొమ్మిదవనాటి నీళ్లకై కాచుకొనరాదు. గర్భిణులును, పురిటిశిశువులును, కాన్సరునకో మరియొక దీర్ఘరోగమునకో మందులు వాడువారును జబ్బు తగిలెనని అనుమానము కలిగిన నాడే వైద్యునకు చూపుకొనవలెను. పెద్దలలో ఈ జబ్బు ఊపిరితిత్తులను పట్టవచ్చును; వారికి పొక్కులు కనబడిన 24 గంటలలోపల మందు ఆరంభించిన గుణము హెచ్చు. కర్మన్‌ఘాట్, చంపాపేట, సరూర్‌నగర్ ప్రాంతములవారికి నల్లకుంటలోని ప్రభుత్వ జ్వరముల ఆసుపత్రి అందుబాటున కలదు. మన పెద్దలు కోరంటి దవాఖాన యనునది అదియే. అంటువ్యాధుల కొరకే యేర్పడిన ఆసుపత్రి.

టీకా, ఇరుగుపొరుగు సాయము

ఈ జబ్బునకు టీకాను 1974లో జపాను దేశపు వైద్యుడు మిచియాకి తకహాషి కనిపెట్టెను. 15 నెలలు నిండిన పిల్లలకు మొదటి మోతాదును, తరువాత వైద్యుడు చెప్పిన గడువున రెండవదియు వేయింతురు. ప్రభుత్వము ఉచితముగ వేయు టీకాలలో ఇది చేరలేదు గనుక వెలయిచ్చి వేయించుకొనవలసి యున్నది. రోగితో కలిసి మెలగిన యారోగ్యవంతులు మూడు దినములలోపల వేయించుకొన్నను జబ్బు తప్పవచ్చును, లేదా తేలికగ పోవచ్చును. గర్భిణులకు మాత్రము ఈ టీకా వేయరాదు.

ఇక సంఘసభ్యులకు మా మనవి. వేపమండ కట్టిన యింటిని చూచి తప్పుకొని పోవుటతో మన ధర్మము తీరదు. ఈ జబ్బు ఒకమారు వచ్చి పోయినవారికి మరల వచ్చుట బహు అరుదు. అట్టివారు ఆ యింటి పాలను కేంద్రమునకు చేర్చవచ్చును. కూరగాయలను బజారునకు తీసికొనిపోవచ్చును. మడికి నీరు కట్టవచ్చును. తల్లికి బోనము తరువాతనైన చెల్లింపవచ్చును. పిల్లవానికి ఈ పూట నీరును, కూడును, వేళకు మందును తప్పక అందవలెను.